ఖాళీ దెబ్బ

ఆరో తూటా దగ్గర ఆగిపోయింది.

పక్కన ముగ్గురి తుపాకులూ టపటపా పేలుతూనే ఉన్నాయి. డెల్ఫియా మీట నొక్కింది. పిండిలో వేలు దిగినట్టు మెత్తగా దిగిందే గాని పేలలేదు. తూటాని లోపలికి నెట్టే బోల్టు ముప్పావు వంతు మూసుకుని, దాన్ని మింగలేక కక్కలేక పట్టుకుని ఉంది. ముప్పై సెకన్లలో పది తూటాలు కాల్చాలి. ఆమె గొట్టాన్ని గురి కాగితం వైపే ఉంచి ఎడమ చెయ్యి పైకెత్తింది. నియమం అది. మిగతావాళ్లు ముగించేదాకా చెయ్యి అలాగే ఎత్తి పట్టుకోవాలి, తరగతిలో జవాబు రాక శిక్షపడ్డ పిల్లలాగా.

"మళ్లీనా!" అన్నాడు వెర్లిన్.

వెర్లిన్ గాబర్డ్ ఆమె మొగుడికి పెద్దమ్మ కొడుకు. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో బాసుగా చేసి దిగాడు గాని, బాసుతనం దిగలేదు. కేన్‌బ్రేక్ లోయ జట్టుకి నాయకుడు అతనే, తుపాకులు పరీక్ష చేసేదీ అతనే. వచ్చి, అడక్కుండానే ఆమె చేతిలోంచి తుపాకీ తీసుకున్నాడు. తూటాలుండే మేగజైను ఊడదీశాడు. ఇరుక్కున్న తూటాని గోటితో పెకలించి గడ్డిలోకి విసిరేశాడు. తర్వాత బోల్టు లాగి వదిలి, తుపాకీని ఆకాశానికి ఎత్తి మీట నొక్కాడు. టక్. మళ్లీ లాగాడు. టక్. రొమ్ముకి స్టెతస్కోపు ఆనించి వినే డాక్టరులా తల ఒక పక్కకి వాల్చి, టక్, టక్, టక్ అని ఎనిమిదిసార్లు విన్నాడు.

"తుపాకీ రాయిలా ఉంది. తప్పు మనిషిదే," అని తీర్పు చెప్పాడు.

తప్పు తుపాకీదైతే ఆ పదీ మళ్లీ కాల్చుకోవచ్చు. దాన్ని 'మారు' అంటారు. తప్పు మనిషిదైతే మారు లేదు, కాల్చని తూటాలన్నీ సున్నాలే. మూడేళ్లలో డెల్ఫియాకి ఒక్క మారు కూడా రాలేదు. అరగంట క్రితం వెర్లిన్ తుపాకీయే ఒకసారి దగ్గి ఆగితే, "తడి తూటా" అని తనకి తనే మారు ఇచ్చుకున్నాడు.

"మీట బాగానే ఉందని నేనూ ఒప్పుకుంటాను బావగారూ. తూటా లోపలికి పోవట్లేదన్నదే కదా నా గొడవ," అంది డెల్ఫియా.

"నువ్వు వదులుగా పట్టుకుంటున్నావు. అందుకే పోవట్లేదు."

"పోయిన బుధవారం మరీ బిగించి పట్టుకుంటున్నానన్నారు."

"రెండూ చేస్తున్నావు."

వెనక బల్ల మీద కూచున్న లాన్సన్ పకాలున నవ్వాడు. వెర్లిన్ అల్లుడు. జట్టులో ఎక్కడ ఖాళీ వస్తుందా అని రెండేళ్లుగా ఆ బల్లనే అరగదీస్తున్నాడు. "అది కాదు మామా, డెల్ఫియా అత్తకి వంట సరదా. ఓడిన లోయవాళ్లే గెలిచినవాళ్లకి బర్గూ పులుసు వండిపెట్టాలి కదా? మూడేళ్లుగా ఓడుతున్నాం, మూడేళ్లుగా గరిటె అత్తదే. కావాలనే ఆపుతోందేమో కనుక్కో."

"నీ నోట్లో తూటా ఆగితే బాగుండును," అంది డెల్ఫియా.

వెర్లిన్ రేకుల షెడ్డు గోడకున్న పలక దగ్గరికి వెళ్లాడు. పలక మీద నాలుగు పేర్లున్నాయి. నాలుగోది ఆమెది. దాని కింద సుద్దముక్కతో లాన్సన్ పేరు రాశాడు. "శనివారం స్లేట్ ఫోర్క్ వాళ్లతో పోటీ. ఆ రోజు నీ తుపాకీ ఆగిందా, వచ్చే ఏటినుంచి నీ చోట్లో ఇతను నిలబడతాడు. నాకు నీ మీద కోపమేం లేదు అమ్మాయ్. జట్టు సంగతి చూసుకోవాలిగా."

ఆ చోటుకోసం ఆమె పదిహేనేళ్లు వెనక బల్ల మీద కూచుంది, లాన్సన్ కన్నా ఎక్కువ. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. వంగి, గడ్డిలో వెతికి, వెర్లిన్ విసిరేసిన తూటా ఏరుకుని జేబులో వేసుకుంది.

"బడి వంటగదిలో పనిచేసే బుద్ధి. మెతుకు కూడా పారెయ్యనివ్వదు," అన్నాడు లాన్సన్.

*

ఇంటికెళ్లి, ఆ తూటాని వంటింటి అలమరలో పైన పెట్టిన గుడ్ల అట్టలో ఒక గుంటలో వేసింది. అంతకుముందువి పది ఉన్నాయి. ఎందుకు దాస్తోందో ఆమెకే సరిగా తెలీదు. పాలు విరిగితే డబ్బా మూత దాచిపెట్టి సరుకు తెచ్చినవాడి ముఖాన పెట్టడం ఆమెకి అలవాటు. అలాగే వీటిని కూడా ఏదో ఒక రోజు ఎవరి ముఖానో పెట్టాలి.

బల్ల మీద పాత దుప్పటి పరిచి తుపాకీ విప్పింది. ఆ చిన్న తూటాలకి గుండు మీద మైనం పూత ఉంటుంది. కాల్చినకొద్దీ ఆ మైనం, మసి కలిసి లోపలంతా నల్లటి జిగురవుతుంది. బ్రష్షు పెట్టి తోమింది. గుడ్డ పెట్టి లాగింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగింది.

"నూనె ఎక్కువైందేమో," అన్నాడు హోబర్ట్ కుర్చీలోంచి.

"ఆగస్టులో నువ్వే తక్కువైందన్నావు."

"అప్పుడు తక్కువైంది."

డెల్ఫియా బ్రష్షు పక్కన పెట్టి మొగుడి వైపు చూసింది. ఈ మూడేళ్లలో ఆమె వినని సలహా లేదు. ఇనప సామాన్ల కొట్టువాడు మేగజైను మార్చమన్నాడు, మార్చింది. పోస్టాఫీసులో ముద్రలు కొట్టేవాడు స్ప్రింగు మార్చమన్నాడు, అదీ మార్చింది. చర్చిలో పాట మధ్యలో వెనక్కి తిరిగి ఒకాయన, చవక తూటాలు వాడకు తల్లీ అన్నాడు. ఖరీదువి కొంది. ఖరీదువి ఇంకా దర్జాగా ఇరుక్కున్నాయి. శుభ్రం చెయ్యకపోతే చెయ్యలేదంటారు, చేస్తే అతిగా తోమి పాడుచేశావంటారు. చలికి అన్నారు, ఉక్కకి అన్నారు. ఒకాయన ఆమె కళ్లజోడుకి అన్నాడు. కళ్లజోడుకీ తూటా ఇరుక్కోవడానికీ ఏం సంబంధమో అడిగితే, "చెబుతున్నా అంతే," అన్నాడు.

అన్నిటికన్నా ఒళ్లు మండే సంగతి ఒకటుంది. తోమిన వెంటనే అది బంగారంలా పనిచేస్తుంది. పెరట్లో ఇరవై కాల్చినా ఆగదు. నలుగురిలో నిలబడి, కాస్త మసి పట్టాక, అప్పుడు మొరాయిస్తుంది. ఇంట్లో బుద్ధిమంతుడు, చుట్టాలొస్తే కింద పడి దొర్లే పిల్లాడి తంతు.

"చేతి బోల్టుది కొనుక్కో. చేత్తో లాగి వదిలేది. అది ఆగదు," అన్నాడు హోబర్ట్.

"ముప్పై సెకన్లలో పది తూటాలు చేత్తో లాగి వదులు, చూస్తాను."

హోబర్ట్ ఆలోచించి, టీవీ వైపు తిరిగాడు.

*

మర్నాడు బడి వంటగదిలో పొద్దున ఆరింటికే పిండి కలిపి బిస్కెట్లకి పరిచింది. ఆ కొండల్లో బిస్కెట్ అంటే పొయ్యిలో పొంగే మెత్తటి రొట్టె. తోటి వంటమనిషి నెవలీ అచ్చులాంటి రేకు కోపుతో గుండ్రంగా బిళ్లలు కోస్తోంది. నాలుగు కోతలకోసారి పిండి కోపులో అంటుకుపోతే, దాన్ని గంగాళం అంచు మీద టక్కుమని కొట్టి రాలుస్తోంది.

డెల్ఫియా పళ్లెంలో బిళ్లలు సర్దుతూ ఆగింది. ప్రతి బిళ్లకీ అంచున ఒకచోట చిన్న చీలిక ఉంది. అన్నిటికీ ఒకటే చీలిక. రోజూ చూస్తున్నదే. పొయ్యిలో కాలితే ఆ చీలిక దగ్గరే రొట్టె పక్కకి ఒరిగి పొంగుతుంది. పిల్లలు వాటిని వంకర టోపీలు అంటారు.

"నెవలీ, ఆ కోపు ఇలా ఇవ్వు."

వేలు పెట్టి అంచంతా తడిమింది. ఒకచోట రేకు లోపలికి వాలి ఉంది. కంటికి ఆనదు, వేలికి గుచ్చుకుంది.

"నువ్వు గంగాళం మీద కొట్టి కొట్టి దీని మూతి వంచేశావు."

"పిండి రాలాలి కదక్కా!"

"పిండి రాలింది. మూతి వంగింది." కోపుని వెలుతురుకి పట్టి తిప్పుతూ నిలబడిపోయింది. పొయ్యి గంట మోగినా వినలేదు. నెవలీ, "అక్కా, మాడుతున్నాయి!" అని అరిస్తేగాని కదల్లేదు.

మధ్యాహ్నం ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా గుడ్ల అట్ట దించింది. హోబర్ట్ పేపరు చదివే భూతద్దం లాక్కుని, కిటికీ దగ్గర ఒక్కో తూటానీ తిప్పి చూసింది. ఖరీదువీ చవకవీ, ఎండాకాలానివీ చలికాలానివీ, పదకొండు. ప్రతిదానికీ ఇత్తడి మీద ఒక పక్కన ఒక్కటే గీత. గుండు దగ్గర మొదలై, అన్నిటికీ ఒకే పొడవున. గోరు పెట్టి గీకినట్టు.

"వంకర టోపీలు," అంది పైకే.

"ఏంటి?" అన్నాడు హోబర్ట్.

ఆమె అప్పటికే ట్రక్కు తాళాలు తీసుకుని వాకిట్లో ఉంది.

*

ఆర్విల్ సైజ్‌మోర్‌కి ఎనభై నాలుగేళ్లు. గని మూతపడినా, గనిలో మోటార్లు బాగుచేసిన తన పనిముట్లన్నీ కొట్టంలో సర్దుకుని, ఇప్పుడు గడ్డికోత మిషన్లు బాగుచేస్తున్నాడు. పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం, పెన్నంత టార్చి తీసుకుని తుపాకీ లోపలికి చాలాసేపు చూశాడు. తర్వాత అద్దం ఆమెకి ఇచ్చాడు.

"పైన చూడు పిల్లా, తూటా దూరే చోట, గొట్టం నోటి దగ్గర. ఏం కనిపిస్తోంది?"

"గుంట. ఆవగింజంత."

"గుంట కాదు నీ శత్రువు. ఆ గుంటలోంచి లేచిన ఇనుము లోపలికి వాలింది, అది శత్రువు. శుభ్రంగా ఉన్నప్పుడు తూటా దాన్ని ఒరుసుకుని ఎలాగో దూరిపోతుంది. కాస్త మసి పట్టిందా, ఇక దూరదు." టార్చి ఆర్పాడు. "ఎవరు దీన్ని ఖాళీగా కొడుతున్నది?"

"ఖాళీగానా?"

"ఈ చిన్న తూటాకి మందు అంచులో ఉంటుంది. అందుకని తూటాని పేల్చే సూది నడిమధ్యన కొట్టదు, అంచు మీద కొడుతుంది. తూటా ఉంటే దెబ్బ ఇత్తడి తింటుంది. తూటా లేకుండా మీట నొక్కావనుకో, అదే దెబ్బ గొట్టం నోరు తింటుంది. కొత్తరకాల్లో సూది పొట్టిగా చేస్తున్నారు, పర్వాలేదు. ఇలాంటి పాతవి తట్టుకోవు. ఒకటీ రెండూ అయితే ఏం కాదు. ఇది వందల దెబ్బలు తింది."

"నేను కొట్టను పెద్దయ్యా. చిన్నప్పుడు ఒకసారి ఖాళీగా నొక్కితే మా నాన్న చెయ్యి వాచేట్టు చరిచాడు. అప్పట్నుంచీ ఒక్కసారి కూడా..."

తుపాకీని ఆకాశానికెత్తి, తల ఒక పక్కకి వాల్చి వింటున్న మనిషి కళ్లముందు నిలిచాడు. టక్, టక్, టక్.

"బుధవారం బుధవారం," అంది నెమ్మదిగా. "ఎనిమిదేసి సార్లు. మూడేళ్లుగా."

"ఎవరు?"

"వెర్లిన్ బావగారు. తుపాకీ తప్పా, నా తప్పా అని చూడ్డానికి."

ఆర్విల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దగ్గు ఆగక స్టూలు మీద కూచున్నాడు. "జబ్బేమిటో చూడ్డానికి వచ్చి ఆ జబ్బే అంటించి పోతున్నాడన్నమాట, వారం వారం!"

డెల్ఫియాకి నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి. "ఇప్పుడే వెళ్లి చెబుతాను."

"నమ్ముతాడా?"

ఆమె ట్రక్కు తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టింది. ఆర్విల్ సొరుగు వెతికి, బలపంలా మొనతేలిన నున్నటి ఉక్కు కడ్డీ ఒకటి తీశాడు. నూనె రాసి, తూటా కూచునే ఛాంబర్‌లోకి దూర్చి, వేళ్లతో మెల్లగా తిప్పుతూ వాలిన ఇనుముని వెనక్కి నొక్కాడు. ఆకురాయి ముట్టుకోలేదు. "గీకకూడదు. గీకితే పోయిన ఇనుము మళ్లీ రాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పంపాలి." పది నిమిషాల పని. అద్దం ఆమెనే ఉంచుకోమన్నాడు. డబ్బులు వద్దన్నాడు, కోపు కథ విని ఆదివారం వంకర కాని బిస్కెట్లు నాలుగు పంపమన్నాడు.

శుక్రవారం సాయంత్రం తన ఇంటి పెరట్లో నిలబడి ఆమె నూట యాభై కాల్చింది. నూట యాభైలో ఒక్కసారి కూడా తుడవలేదు. మసి పట్టి బోల్టు నల్లబడిపోయింది. తుపాకీ మాత్రం ఆగలేదు. ఖాళీ తొడుగులు గడ్డిలో ఏరుతుంటే కళ్లు చెమర్చాయి. సంతోషం కాదు, ఉక్రోషం. మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఆమె రాత్రిళ్లు అద్దం ముందు నిలబడి, భుజం ఎలా పెట్టాలో, వదులుగానా బిగించా అని తననే తను సరిచేసుకుంది.

*

శనివారం స్లేట్ ఫోర్క్ జట్టు రెండు ట్రక్కుల్లో దిగింది. వాళ్ల నాయకుడు క్లెటిస్ మడతలు పడిన నియమాల కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. పోటీకి ముందు తుపాకులన్నీ బల్ల మీద వరసగా పెడితే, ఖాళీగా ఉన్నాయో లేదో వెర్లిన్ చూడాలి.

డెల్ఫియా బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లో ఖాళీ అని చూపే పసుపుపచ్చ ప్లాస్టిక్ తీగ ముక్క గుచ్చి పట్టుకుంది. వెర్లిన్ చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"చూడండి బావగారూ. ఖాళీ."

"ఇటివ్వు. మీట చూడాలి."

"ఖాళీగా కొడితే గొట్టం నోరు వంగుతోంది. అందుకే తూటాలు ఇరుక్కుంటున్నాయి. ఆర్విల్ పెద్దయ్య అద్దం పెట్టి చూపించాడు. మీ తుపాకీ కూడా చూపించుకుంటే మంచిది. మొన్న ఆగింది."

వెర్లిన్ ముఖం ఎర్రబడింది. "ఆర్విల్ గడ్డికోత మిషన్లు బాగుచేస్తాడు. నేను నువ్వు పుట్టకముందునుంచీ తుపాకులు చూస్తున్నాను. ఇటివ్వమన్నానా!"

"కాగితంలో మీట కొట్టి చూడాలని ఉంటే ఇస్తాను."

క్లెటిస్ కాగితం విప్పి, కళ్లజోడు సవరించుకుని చదివాడు. "'ఖాళీగా ఉన్నదని కంటితో చూడవలెను.' అంతే ఉంది వెర్లిన్. కొట్టడం సంగతి ఏమీ లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. వెర్లిన్ ఆమె తుపాకీ వదిలేశాడు. మిగతావి మాత్రం, తనదానితో సహా, ఒక్కోటీ ఎత్తి అందరికీ వినిపించేట్టు కొట్టాడు. టక్, టక్, టక్. ఇదివరకటికన్నా రెండేసి దెబ్బలు ఎక్కువే కొట్టాడు.

పది తూటాల మొదటి వరస బాగానే గడిచింది. రెండోది గడిచింది. ప్రతిసారీ ఆరో తూటా దగ్గర డెల్ఫియా ఊపిరి బిగపట్టింది, ప్రతిసారీ అది పేలింది. మూడో వరసలో తొమ్మిది, పది కూడా పేలి, బోల్టు ఖాళీగా వెనక్కి నిలిచాక ఆమె తుపాకీ బల్ల మీద పెట్టి పక్కకి చూసింది.

పక్కన వెర్లిన్ చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. ఏడు కాల్చాడు. మూడు మిగిలాయి.

"తడి తూటా," అన్నాడు వెర్లిన్.

"నీ తుపాకీ నువ్వే చూసుకుంటావా?" అన్నాడు క్లెటిస్. "పక్కన నిలబడ్డవాళ్లు చూడాలి. అది మాత్రం కాగితంలో ఉంది."

పక్కన నిలబడింది డెల్ఫియా.

వెర్లిన్ తుపాకీ ఆమెది కన్నా బరువు. మేగజైను తీసింది. ఇరుక్కున్న తూటాని మెల్లగా లాగి అరచేతిలో తిప్పింది. గీత ఉంది, అదే పొడవున. ఆర్విల్ ఇచ్చిన అద్దం జేబులోంచి తీసి లోపలికి చూసింది. ఆవగింజ. ఆమె వేలు మీట పక్కన ఆగింది. ఎనిమిదిసార్లు కొట్టి, తల ఒక పక్కకి వాల్చి, రాయిలా ఉంది, తప్పు మనిషిదే అనొచ్చు. అంటే ఎవరూ కాదనరు. ఆ మాట నేర్పినవాడే ఎదురుగా నిలబడి ఉన్నాడు.

వేలు తీసేసింది.

"తప్పు తుపాకీది," అంది. "మారు ఇవ్వండి."

క్లెటిస్ తలూపాడు. లాన్సన్ హమ్మయ్య అన్నాడు. వెర్లిన్ మాత్రం, ఎవరో తన ఇంటి ఆడపిల్లని అనరాని మాట అన్నట్టు చూశాడు.

"నా తుపాకీకి తప్పా? నలభై ఏళ్లుగా నా చేతిలో ఉన్న తుపాకీకా?"

"మామా, మారు వచ్చింది, తీసుకో..." అన్నాడు లాన్సన్.

"నువ్వు నోరుముయ్యి." ఆమె చేతుల్లోంచి తుపాకీ లాక్కుని, బోల్టు వదిలి, ఆకాశానికి ఎత్తాడు. టక్. టక్. టక్. ఎనిమిదీ కొట్టి క్లెటిస్ ముఖం ముందుకి చాపాడు. "విన్నావా? గంటలా ఉంది. దీంట్లో తప్పెక్కడుంది చెప్పు!"

క్లెటిస్ జేబులోంచి పెన్సిలు తీశాడు. నవ్వలేదు. "తుపాకీలో తప్పు లేదని నువ్వే అంటున్నావు కాబట్టి," అన్నాడు, "ఇక మారు ఇవ్వడానికి లేదు వెర్లిన్. మూడు సున్నాలు రాసుకుంటాను."

వెర్లిన్ చేతిలో తుపాకీ ఇంకా ఎత్తే ఉంది. మెల్లగా దించాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

కేన్‌బ్రేక్ పద్నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. అన్ని వరసల్లోనూ జట్టులో ఎక్కువ తెచ్చింది డెల్ఫియా. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. పలక దగ్గర సుద్దముక్క ఎవరూ ముట్టుకోలేదు. లాన్సన్ పేరు అక్కడే ఉంది, ఆమె పేరు కింద.

"నీ చోటు సంగతేమైంది?" అనడిగాడు హోబర్ట్ ఇంటికెళ్లాక.

"ఎవరూ చెప్పలేదు," అంది. ఫ్రీజరులోంచి ఉడత మాంసం తీసి నానబెట్టింది.

*

ఆదివారం పొద్దున అగ్నిమాపక కేంద్రం షెడ్డులో పెద్ద ఇనప బానలో బర్గూ ఉడుకుతోంది. ఉడత మాంసం, కోడి, మొక్కజొన్న, బెండకాయలు వేసి, గరిటె నిలబడేంత చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలి. డెల్ఫియా కలుపుతోంది, తిట్టుకుంటూ. నాలుగో ఏడు. ఒక్క తూటా ఆగకుండా కాల్చి కూడా గరిటె తన చేతికే వచ్చింది.

బయట ట్రక్కు తలుపు చప్పుడైంది. వెర్లిన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చర్చి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. చంకలో పొడుగాటి తుపాకీ సంచి ఉంది.

"ఆర్విల్ ఉంటాడా ఇవాళ?" అన్నాడు గోడకి చెబుతున్నట్టు.

"సాయంత్రం బిస్కెట్లు పట్టుకెళ్తున్నాను. రండి."

సంచి మూలన ఆనించాడు. వెళ్లిపోలేదు. బానలోకి తొంగి చూశాడు, ఉల్లిపాయల గంప చూశాడు. తరవాత, "బుధవారం నాలుగింటికి. ఆలస్యం చెయ్యకు. ఆ చలిలో నీకోసం ఎవరూ నిలబడరు," అన్నాడు.

డెల్ఫియా గరిటె ఆపలేదు. "లాన్సన్ పేరో?"

"తుడిచేశాను. వస్తూ వస్తూ." గొంతు సవరించుకున్నాడు. "ఏదన్నా పని చెప్పు, నిలబడలేను ఊరికే."

ఆమె గడ్డంతో పక్క బల్ల చూపించింది. పిండి పరిచి ఉంది. పక్కన కొత్త రేకు కోపు ఉంది, నిన్న సాయంత్రం కొన్నది. వెర్లిన్ చేతులు కడుక్కుని వచ్చి, గనిలో పటం మీద గీతలు గీసేంత జాగ్రత్తగా ఒకటి కోశాడు. రెండోది కోశాడు. నాలుగోదానికి పిండి లోపల అంటుకుపోయింది. ఊపాడు, రాలలేదు. కోపు ఎత్తి, బాన అంచు మీదికి చెయ్యి విసిరాడు.

డెల్ఫియా గరిటె వదిలేసి అతని మణికట్టు పట్టుకుంది.

కోపు అంచుకి బెత్తెడు దూరంలో ఆగింది. వెర్లిన్ ఆమె చేతివంక చూశాడు, కోపు వంక చూశాడు. బానలో బర్గూ బుడుక్ బుడుక్‌మంటోంది.

"వేలితో," అంది డెల్ఫియా. "వేలితో తియ్యండి బావగారూ."

అతను కోపు దించి, మోటు బొటనవేలితో పిండి చుట్టూ తిప్పి, మెల్లగా బయటికి నెట్టాడు.